రైజెన్ 5 7600 ఏడాది వాడాక నా మాట: ప్రాసెసర్ కొనేముందు మీ మానిటర్ ఏంటో చూసుకోండి

ముందే చెప్తున్నా, నేను కంప్యూటర్ ఇంజినీర్‌ని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు చూస్తా, రాత్రి పిల్లలు పడుకున్నాక గంటో గంటన్నరో గేమ్ ఆడుకుంటా, అంతే. కాకపోతే ఒక ప్రాసెసర్, అంటే పీసీకి మెదడు లాంటి చిప్పు, కొనడానికి మూడు షాపులు తిరిగి, ఇంట్లో నెల రోజులు తిట్లు తిని, ఆ తర్వాత మా బామ్మర్ది చేత ఇంకోటి కొనిపించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసిన అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నా.

నా పాత పీసీ 2016లో కృష్ణా పుష్కరాల ఏడు కొన్నది. ఐ5 6500 ప్రాసెసర్, నాలుగు కోర్లు (చిప్పులో విడివిడిగా లెక్క కట్టే భాగాలు) నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), తర్వాత ఒక 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు వేయించా, పాపం అది ఎనిమిదేళ్ళు లాగింది. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మేం పైవాటాలో ఓనర్ గారింట్లో కూర్చున్నాం, పీసీ కింద మా ఇంట్లో నీళ్ళల్లో కూర్చుంది. నీళ్ళు తీశాక క్యాబినెట్ పక్క డోర్ ఊడదీస్తే ఫ్యాన్ రెక్కల మధ్య బురద గట్టిపడిపోయి, గ్రాఫిక్స్ కార్డు మీద ఒక చిన్న నత్త గుల్ల. మా చిన్నోడు అది తీసి దాచుకున్నాడు. నేనింక స్విచ్ వేసి చూసే ప్రయత్నం కూడా చేయలా.

మంచాలు, ఫ్రిజ్జు, గ్యాస్ స్టవ్వు, పిల్లల పుస్తకాలు అన్నీ అయ్యాక పీసీ వంతు 2025 సంక్రాంతి తర్వాత వచ్చింది. మానిటర్‌తో కలిపి లక్ష లోపు, అదీ బడ్జెట్టు.

మొదట గవర్నర్‌పేటలో ఒక షాపుకెళ్ళా, పేరు అనవసరం. గేమింగ్ పీసీ కావాలి అన్నా. "ఐ7 వేసేద్దాం అన్నా, తిరుగుండదు" అన్నాడు కుర్రాడు. రేటు చెప్తే నాకే అనుమానం వచ్చింది, అంత తక్కువేంటి అని. ఏ జనరేషన్ అంటే కాసేపు అటూ ఇటూ చూసి ఫోర్త్ జనరేషన్ అన్నాడు. ఐ7 4770. అది 2013 నాటి చిప్పు, డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్, ఏదో ఆఫీసులో ఏళ్ళు పనిచేసి రిటైరైన డబ్బాలో కొత్త లైట్ల ఫ్యాన్లు పెట్టి గేమింగ్ అని అమ్ముతున్నారు. ఐ7 అనేది ఇంటిపేరు లాంటిది అండీ, ఇంటిపేరు చూసి పిల్లనిస్తామా, అబ్బాయి ఏం చేస్తున్నాడో అడగమా? 2022లో వచ్చిన ఐ5 12400 దీన్ని కూర్చోబెట్టి పాఠం చెప్తుంది. కాబట్టి ఇంటెల్ వాళ్ళ ఐ5, ఐ7, ఏఎమ్‌డీ వాళ్ళ రైజెన్ 5, రైజెన్ 7 అన్న ముక్క దగ్గర ఆగకండి, దాని వెనకున్న నాలుగైదు అంకెలు, చివర్లో అక్షరం చూడండి. ఇంటెల్ వాటికి చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే స్క్రీన్ రాదు. కే ఉంటే ఓవర్‌క్లాక్, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే పెంచడం, చేసుకోవచ్చు, నాకైతే ఆ సరదా లేదు.

ఇంకో మాట, మన దగ్గర సీపీయూ అంటే మొత్తం క్యాబినెట్ అని అర్థం. ఫోన్‌లో "సీపీయూ రేటెంత" అని అడిగి నేను రెండుసార్లు ఫూల్ అయ్యా. ప్రాసెసర్ అనే అడగండి.

రెండో షాపులో మనిషి మర్యాదగానే ఉన్నాడు, నేనడిగిన మోడలే చూపించాడు, బయటికంటే 2 వేలు తక్కువ. తీరా చూస్తే డబ్బా లేదు, యాంటీస్టాటిక్ కవర్లో చిప్పు ఒక్కటే, దాన్ని చల్లబరిచే కూలర్ లేదు, వారంటీ షాపు తరఫున ఏడాది, బిల్లు వద్దంటే ఇంకో ఐదొందలు తగ్గిస్తా అన్నాడు. దీన్ని ట్రే పీస్ అంటారు. మా ఆటోనగర్ భాషలో లూజు పీసు. నేను రోజూ లూజు బేరింగుల గొడవలు చూసేవాణ్ణి, అలాంటిది నేనే దాదాపు జేబులో చెయ్యి పెట్టా. డబ్బా ప్యాకింగ్‌లో వచ్చే ప్రాసెసర్‌కి కంపెనీ వారంటీ మూడేళ్ళు, దానికి జీఎస్టీ బిల్లు కావాలి. ఆ ఐదొందలకి కక్కుర్తి పడి బిల్లు వదులుకుంటే రేపు చిప్పు పోయిన రోజు మనం ఎవరికీ ఏం చెప్పలేం.

మూడోది గాంధీనగర్‌లో, మెట్లెక్కి పైకెళ్ళాలి, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. యాభై దాటిన ఆయన, కళ్ళజోడు నుదుటి మీదకి పెట్టుకుని ఏదో బోర్డుకి టంకం పెడుతున్నాడు. నేను ప్రాసెసర్ల పేర్లన్నీ గడగడా చెప్పేసరికి ఆయన ఒకటే అడిగాడు.

"మానిటర్ ఏది బాబూ నీది?"

ఇంకా కొనలేదండీ అన్నా. "మరి అది తేల్చకుండా ప్రాసెసర్ ఎట్టా తేలుస్తావ్?" అన్నాడు. నిజంగా చెప్తున్నా, అప్పటిదాకా వీడియోలు చూసిన రాత్రులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు.

విషయం ఏంటంటే గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్, అంటే తెర మీద ఒక్కో బొమ్మ, రావాలంటే ముందు ప్రాసెసర్ లెక్క చూడాలి, ఎవడు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటు పోయింది, గోడ కూలిందా లేదా ఇదంతా. ఆ లెక్క కట్టి ఇస్తే గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళారా ఎప్పుడైనా, హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుతుంటారు, లారీలు తీసుకెళ్తుంటాయి. లారీ నెమ్మదిగా తిరిగితే ఎంత బలమైన హమాలీ అయినా బీడీ కాల్చుకుంటూ కూర్చోవాల్సిందే. 1440పీ, 4కే లాంటి ఎక్కువ చుక్కలుండే మానిటర్ పెట్టి సెట్టింగ్స్ హైలో ఆడేవాడికి అదే జరుగుతుంది, కార్డు గీయడానికే టైమ్ పడుతుంది, ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది. అదే తక్కువ చుక్కలుండే 1080పీలో సెట్టింగ్స్ తక్కువ పెట్టి 240 హెర్ట్జ్ (సెకనుకి 240 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి కాల్పుల గేములు ఆడేవాడికి లారీలు క్షణానికొకటి వచ్చి నిలబడతాయి, అప్పుడు హమాలీ చచ్చినట్టు ఎత్తాలి. అక్కడే ఖరీదైన ప్రాసెసర్‌కి పని.

నేను ఆడేది కథ ఉన్న గేములు, మెల్లగా తిరుగుతూ చూసుకుంటూ. 27 అంగుళాల 1440పీ మానిటర్ తీసుకుందాం అనుకున్నా, కార్డు ఆర్టీఎక్స్ 4060. అయితే రైజెన్ 5 7600 చాలు, మిగిలింది కార్డు మీదో మానిటర్ మీదో పెట్టు అన్నాడాయన. ఎక్కువ రేటుది అంటగట్టే ఛాన్స్ ఉండీ అంటగట్టని షాపు వాణ్ణి చూసి చాలా కాలమైంది.

7600 గురించి. 2023 జనవరిలో వచ్చింది, ఆరు కోర్లు పన్నెండు థ్రెడ్లు, 5.1 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, 65 వాట్లు, డబ్బాలోనే చిన్న కూలర్ ఇస్తారు. నాకు దాదాపు 18 వేలు పడింది. లోపల కొద్దిపాటి గ్రాఫిక్స్ కూడా ఉంది, గేమ్‌కి పనికిరాదు గానీ కార్డు రిపేరుకెళ్తే స్క్రీన్ అయినా వస్తుంది. ఏఎమ్5 సాకెట్, సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద చిప్పు కూర్చునే చోటు. ఈ సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎమ్‌డీ చెప్పింది, దీని ముందుదైన ఏఎమ్4 విషయంలో మాట నిలబెట్టుకున్నారు కూడా, 2017లో బోర్డు కొన్నవాళ్ళు బయోస్ (బోర్డు లోపలుండే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ వేసుకున్నారు. బోర్డు మార్చకుండా అయిదేళ్ళ తర్వాతి చిప్పు! ఇంటెల్‌లో 12, 13, 14 జనరేషన్లు ఒకే సాకెట్, తర్వాత 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వాటికి మళ్ళీ వేరే సాకెట్.

ఇంటెల్ వద్దంటున్నానా అంటే కాదు. తక్కువ బడ్జెట్‌లో 12400ఎఫ్ ఇప్పటికీ మంచి సరుకే, పాత డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాడికి మరీను. పైన 13, 14 జనరేషన్లలో పెద్ద చిప్పులకి ఎక్కువ వోల్టేజీ వల్ల లోపలే అరిగిపోయి గేములు క్రాషవడం 2024లో పెద్ద గొడవైంది, మైక్రోకోడ్ (చిప్పుని నడిపే లోపలి కోడ్) అప్‌డేట్లు ఇచ్చారు, వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచారు. సెకండ్ హ్యాండ్‌లో 13900కే లాంటిది చవకగా వస్తుందని ఎవడన్నా అంటే మాత్రం నేనైతే ముట్టుకోను, అది ఎన్ని నెలలు ఏ బయోస్ మీద తిరిగిందో మనకేం తెలుసు. కోర్ అల్ట్రా వాటికి కరెంటు తగ్గింది, ఎడిటింగ్ గట్రా బాగా చేస్తాయి, గేముల్లో మాత్రం జనం ఆశించినంత లేవు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూశా. పాత రైజెన్లకి పిన్నులు చిప్పుకే ఉండేవి, కూలర్ లాగితే మధ్యలో పూసే పేస్ట్‌కి అతుక్కుని ఒక్కోసారి చిప్పు కూడా ఊడి వచ్చేది. ఏఎమ్5కి పిన్నులు బోర్డులో ఉంటాయి, 1718. ఆయన చిప్పుని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, మూలనున్న బంగారు రంగు త్రికోణం గుర్తు బోర్డు మీద గుర్తుకి కలిపి, అలా వదిలాడు. నొక్కలేదు. మేనకోడలి చెవికి కమ్మ పెట్టినంత జాగ్రత్తగా. లివర్ దించుతుంటే పైన నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఎగిరి కింద పడింది, నా గుండె జారిపోయింది, ఆయన నవ్వి "అది అట్టాగే ఊడాలి" అన్నాడు.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నాకు చెమటలు. డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేస్తే ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకుంటుందంట, మెమరీ ట్రైనింగ్ అంటారు, అప్పుడు కంగారుపడి ఆఫ్ చేయకూడదు. ఈలోగా కింద నుంచి టీ తెప్పించాడు, టీ అయ్యేలోపు బొమ్మ వచ్చింది. ఇంటికెళ్ళాక బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేయడం మర్చిపోకండి, మీరు 6000 స్పీడు ర్యామ్ డబ్బులిచ్చి కొన్నా అది ఆన్ చేయకపోతే 4800లోనో ఎంతలోనో నడుస్తుంది, చాలామంది ఏళ్ళ తరబడి అలాగే వాడేస్తుంటారు.

ఏడాది వాడాక ఏమంటానంటే, గేములో ఇది తక్కువైంది అని ఒక్కరోజు కూడా అనిపించలా. పాత ఐ5లో కారు స్పీడుగా పోతుంటే రోడ్డు లోడ్ అవ్వక గుక్కపట్టినట్టు ఆగేది, అది పూర్తిగా పోయింది. ఒక్క ఇబ్బంది ఎండాకాలం. రోహిణి కార్తెలో మన బెజవాడ సంగతి తెలిసిందేగా, ఏసీ లేని గదిలో రాత్రి తొమ్మిదికి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి, ఆ గాలే కూలర్‌కి వెళ్తుంది, అది మాత్రం ఏం చేస్తుంది. డబ్బాలో వచ్చిన చిన్న కూలర్ పీక్కుని తిరిగేది, మా ఆవిడ "ఆ మిక్సీ ఆపండి" అనేది. ఈ రైజెన్లు 95 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినవే, చెడిపోవు, కానీ చప్పుడు భరించలేక రెండు వేలు పెట్టి టవర్ కూలర్ వేయించా, ఇప్పుడు ఫ్యాన్ ఉందా లేదా అని చూడాలి. మీరు కొనేటప్పుడే ఆ రెండు వేలు లెక్కలో వేసుకోండి. ఇంకోటి, 65 వాట్ల చిప్పు కాబట్టి కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీదే గేమ్ సేవ్ చేసి మూసుకునే టైమ్ దొరుకుతుంది.

ఇక మా బామ్మర్ది. గుంటూరు అరండల్‌పేటలో ఉంటాడు, కొత్తగా ఉద్యోగం, పెళ్ళి కాలేదు, అంటే జేబులో డబ్బులుంటాయి. వాడు కౌంటర్ స్ట్రైక్ పిచ్చోడు. "బావా బెస్ట్ ఏదో అదే చెప్పు, సర్దుకోవడాలు వద్దు" అన్నాడు గత వేసవిలో. బెస్ట్ అంటే గేముల వరకు అప్పటికి రైజెన్ 7 9800ఎక్స్3డీ, అందులో రెండో మాట లేదు. 2024 నవంబర్‌లో వచ్చింది, ఎనిమిది కోర్లు, 5.2 గిగాహెర్ట్జ్, రేటు అప్పట్లో 50 వేల చుట్టుపక్కల. ఆ ఒక్క చిప్పు డబ్బులతో నా ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ వచ్చి ఇంకా మిగిలేవి.

దాని గొప్పంతా క్యాష్‌లో ఉంది. మా షాపులో రోజూ అమ్ముడయ్యే ఫిల్టర్లు, బెల్టులు కౌంటర్ వెనక ర్యాక్‌లో ఉంటాయి, చెయ్యి చాపితే వస్తాయి, మిగతావి పక్క వీధి గోడౌన్‌లో, కుర్రాడు వెళ్ళి తేవాలి. ర్యాక్ క్యాష్, గోడౌన్ ర్యామ్. నా 7600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, వాడి దాంట్లో 96. కుర్రాడు గోడౌన్‌కి పరుగెత్తే పని బాగా తగ్గుతుంది. అంతకుముందు 7800ఎక్స్3డీలో ఈ అదనపు క్యాష్‌ని కోర్ల నెత్తిన పెట్టేవాళ్ళు, వేడి పైకి రాక స్పీడు తగ్గించాల్సి వచ్చేది, 9800లో దాన్ని కోర్ల కిందకి మార్చారు, దాంతో కోర్లు నేరుగా కూలర్‌కి దగ్గరయ్యాయి. నాకైతే ఆ ఐడియా విన్నప్పుడు భలే అనిపించింది, ఇంటి పైన ఉన్న నీళ్ళ ట్యాంకుని సంపులోకి మార్చినట్టు.

కొనేటప్పుడు ఒక చిక్కు. బీ650 (ఏఎమ్5 బోర్డుల్లో ఒక రకం) బోర్డు పాత స్టాక్ అయితే 9000 సిరీస్ చిప్పుని గుర్తుపట్టదు, బయోస్ అప్‌డేట్ చేయాలి. వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే పెన్‌డ్రైవ్ పెట్టి ప్రాసెసర్ లేకుండా కూడా చేసుకోవచ్చు. మాకు తెలియక అరపూట స్క్రీన్ రాక కూర్చున్నాం, బోర్డు పోయిందనుకుని వాడు ఆల్రెడీ షాపుకి ఫోన్ చేసి అరుస్తున్నాడు కూడా.

మొన్న సంక్రాంతికి అత్తారింటికి వెళ్తూ నా 4060 కార్డుని పాత టవల్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకుని బస్సెక్కా. అదే కార్డు వాడి పీసీలో వేసి, నేను ఇంట్లో ఆడే గేము అదే చోట, అదే 1440పీ సెట్టింగ్స్‌లో ఆడి చూశా. తేడా రెండు మూడు ఫ్రేములు. నవ్వొచ్చింది. 30 వేలకి పైగా తేడా ఉన్న చిప్పు, రెండు ఫ్రేములు. తర్వాత కౌంటర్ స్ట్రైక్ 1080పీలో అన్నీ లో పెట్టి చూస్తే మూలనున్న ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) అంకె నేను మా ఇంట్లో ఎప్పుడూ చూడనంత పైన ఆడుతోంది, పొగ బాంబులు వేసినప్పుడు కూడా కిందికి జారట్లేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. ఫ్లైట్ సిమ్యులేటర్, పెద్ద స్ట్రాటజీ గేములు ఆడేవాళ్ళకి కూడా ఈ క్యాష్ బాగా పనికొస్తుందంటారు, నేను అవి ఆడను.

ఇప్పుడు కొనేవాళ్ళకి ఒక చిక్కు వచ్చిపడింది, ర్యామ్ రేట్లు. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అంతా పోతోందని 2025 చివర్నుంచి డీడీఆర్5 మండిపోతోంది, నేను కొన్న 32 జీబీ సెట్టు మొన్న అడిగితే రెండింతలు దాటి చెప్పారు. కాబట్టి పాత డీడీఆర్4 ర్యాములు చేతిలో ఉన్నవాడైతే ఏఎమ్4 బోర్డు మీద రైజెన్ 5 5600 వేసుకుని ఒక రెండేళ్ళు నెట్టుకురావడం తెలివైన పనే. అందులో 5500, 5600జీ అంటగట్టబోతారు, పేరు ఒకేలా ఉంటుంది గానీ వాటిలో క్యాష్ 16 ఎంబీయే, 5600లో 32. అంతా కొత్తగా కొనేవాడైతే నేను 7600 అనే అంటా, ర్యామ్ 16తో మొదలెట్టి రేట్లు దిగాక ఇంకోటి వేసుకోవచ్చు.

సరే, బామ్మర్ది దగ్గర ఆపాను కదా. కార్డు విప్పి టవల్‌లో చుట్టుకుంటుంటే వాడు మెల్లగా అడిగాడు, "బావా, నిజం చెప్పు, అంకె అంత పెద్దది చూపిస్తుందిగానీ నాకెందుకో నీ పీసీలో ఆడినా, దీంట్లో ఆడినా ఒకేలా అనిపిస్తుంది, నేను మోసపోయానా?" అని. వాడి మానిటర్ 240 హెర్ట్జ్, దానికే 20 వేలు పోశాడు. నాకు గాంధీనగర్ ఆయన గుర్తొచ్చి, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచా, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళా.

60 హెర్ట్జ్ అని ఉంది. కొన్న రోజు నుంచీ అంతే, ఎనిమిది నెలలు.

మార్చి మౌస్ కదిలించి చూశాడు. బాణం గుర్తు నూనె మీద జారినట్టు జారింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి అన్నాడు, "అక్కకి చెప్పకు బావా."